నవంబరు పందొమ్మిది లేని సంవత్సరం

మా నగరానికి ఏ ఏడాది గాలికి జాతీయ బహుమతి వచ్చిందో ఆ ఏడాదిలో మూడు వందల అరవై నాలుగు రోజులే ఉన్నాయి. తగ్గిన ఆ ఒక్క రోజుకు బాధ్యుణ్ణి నేనేనని నగరపాలక సంస్థ దస్త్రాల్లో రాసి ఉంది. దస్త్రాలు తప్పు చెప్పవు కనుక నేను చెప్పవలసింది, ఆ రోజు ఎలా పోయిందన్నదే.

నేను పద్నాలుగో వార్డు మునిసిపల్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. బడికి ఎదురుగా నగరం చెత్తంతా పోసే గుట్ట ఒకటి ఉంది. కాగితాల్లో దాని పేరు ఘనవ్యర్థాల నిర్వహణ కేంద్రం. మా వీధిలో చెత్తకొండ. అది లోపల్లోపల ఏడాది పొడుగునా కాలుతూనే ఉంటుంది. బడికి నాలుగిళ్ల అవతల మా ఇల్లు.

ఫోనుల్లో గాలి మ్యాపులు రాకముందు మా వీధికి పొగ కబురు చెప్పింది నా భార్య హైమవతి. ఆమె పొద్దున్నే డాబా మీద ఒక నీలం నేతచీర ఆరేసేది. చెంగు మెట్లవైపు కొట్టుకుంటే ఆ రోజు పొగ మాకు. రైలు పట్టాల వైపు కొట్టుకుంటే అవతలివాళ్లకు. పిట్టగోడ దగ్గరకొచ్చి "నూకాలూ, ఇవాళ మనకే!" అని కేకేసేది. ఎదురింటి నూకాలమ్మ కూతురు దేవికకు ఉబ్బసం. ఆ కేక విన్న రోజు దేవిక బడిలో ముందుగదికి రాకుండా కిటికీలు మూసిన వెనకగదిలో కూర్చునేది. హైమవతికీ ఉబ్బసమే. నిరుడు నవంబరు పందొమ్మిదిన చెంగు మెట్లవైపు ఉంది. ఆ సాయంత్రం నాలుగుంబావుకు ఆమె పోయింది. ఆ సంగతి ఇంతటితో ఆపుతాను.

జనవరిలో నగరానికి ప్రాణవాయు పటం వచ్చింది. ఫోనులో చూసుకునే మ్యాపు అది. మంచి గాలి ఉన్నచోట పచ్చరంగు, మధ్యరకానికి పసుపు, చెడ్డదానికి ఎరుపు. ఏసీ హాల్లో, తలుపులన్నీ మూసి, ఆవిష్కరణ చేశారు. కమిషనర్ గారు మాట్లాడుతూ, "ఇంతకాలం మన పౌరులు ఏ గాలి పీలుస్తున్నారో తెలియక పీల్చారు. ఇక తెలిసి పీలుస్తారు" అన్నారు. చప్పట్లు కొట్టాం.

తరువాత వాయు సమన్వయాధికారి పరాంకుశం గారు విధానం వివరించారు. "కాలుష్యాన్ని తగ్గించడమన్నది దీర్ఘకాలిక దార్శనికత. కాలుష్యం బారిన పడకుండా తప్పుకోవడమన్నది పౌరుని తక్షణ కర్తవ్యం. పటం మేమిస్తున్నాం. తప్పుకోవడం వారు చూసుకోవాలి."

ఓటర్ల జాబితాలు రాయడం, కోడిగుడ్లు లెక్కపెట్టడం, మరుగుదొడ్ల ఫొటోలు పంపడం పోగా ఉపాధ్యాయులకు ఇంకా కొంత తీరిక మిగిలిపోతోందని ప్రభుత్వం ఎప్పుడో గమనించింది. అందువల్ల గాలి కొలిచే పని మాకే వచ్చింది. వార్డుకొక చేతి యంత్రం, వార్డుకొక టీచరు. పద్నాలుగో వార్డుకు నన్ను వేశారు. ఉదయం తొమ్మిదిన్నరలోగా యాప్‌కు నా మొహం చూపించి, యంత్రంలో పడిన అంకె కొట్టాలి. నా మొహం లేకుండా అది తెరుచుకోదు.

"సైన్సువాణ్ణి నేనుండగా తెలుగు మాస్టారికి ఎందుకిచ్చారండీ?" అని మా జిలానీ మాస్టారు హెడ్మిస్ట్రెస్ రోజలిన్ మేడంని అడిగాడు.

"సైన్సు వాళ్లు ప్రశ్నలడుగుతారట. సర్క్యులర్‌లో లేదు గానీ ఫోన్‌లో చెప్పారు" అంది ఆవిడ.

మొదటిరోజు బడి గేటు దగ్గర మూడు వందల పన్నెండు వచ్చింది. కొట్టాను. మ్యాపులో మా వీధి ఎర్రబడింది. చాలా రోజుల తరువాత నాకు కొంచెం తృప్తి కలిగింది. ఇక ఎవరో ఒకరు వస్తారనుకున్నాను.

వచ్చారు. నాలుగు ఇనుప బారికేడ్లతో వచ్చారు. ఎర్రవీధుల్లో పౌరుల సంచారం నిషేధం, పచ్చవీధుల గుండానే రాకపోకలు సాగించాలి అని వీధి మొగలో బోర్డు పెట్టారు. పరాంకుశం గారు స్వయంగా దగ్గరుండి పెట్టించారు.

నూకాలమ్మ ఇడ్లీ గిన్నె నడుముకెత్తుకుని ఆయన ముందు నిలబడింది. "వీధిలోకి రాకూడదంటే ఎలాగండీ బాబూ? మా యిల్లు వీధిలోనే ఉన్నాది కదా?"

"ఇంటికి ఏ అభ్యంతరమూ లేదమ్మా. ఇల్లు ఉండొచ్చు. మీరు రాకూడదంతే."

"మరి ఆ చెత్తలారీలు ఎల్తన్నాయేటి?"

"లారీకి ఊపిరితిత్తులుండవు కదమ్మా. ఈ నిబంధన శ్వాసించేవాటికి మాత్రమే."

"డ్రైవరుకుంటాయి కదండీ?"

పరాంకుశం గారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. పౌరుల సూచనలను ఆయన ఎప్పుడూ తోసిపుచ్చరు. మర్నాడే, చెత్తలారీల డ్రైవర్లు అద్దాలు ఎక్కించుకుని మాత్రమే నడపాలని ఉత్తర్వు వచ్చింది. మా నగరంలో చెత్తలారీలకు అద్దాలుండవు. ఆ విషయం ఉత్తర్వులో లేదు.

బడి గేటు ఎర్రవీధిలో ఉంది కనుక గేటుకు తాళం వేశారు. వెనక ప్రహరీగోడకు మనిషి దూరేంత కన్నం కొట్టి, దానికి హరిత ద్వారం అని పేరు పెట్టి, రిబ్బను కత్తిరించారు. ఆ కన్నం పదిహేనో వార్డు సందులోకి తెరుచుకుంటుంది. ఆ సందు మ్యాపులో పచ్చగా ఉంది. దాంతో మా వీధి పిల్లలు గడప దాటితే కనబడే బడికి, రెండున్నర కిలోమీటర్లు చుట్టుతిరిగి, పచ్చగా రావడం మొదలుపెట్టారు. చెత్తకొండ పొగ మాత్రం బడి మీదుగా నేరుగా ఆ సందులోకే వచ్చేది. దానికి మ్యాపు చూసుకునే అలవాటు లేదు.

దేవిక మొదటి పీరియడ్ సగంలో వచ్చి, నా బల్ల అంచు పట్టుకుని నిలబడేది. మాట వచ్చేది కాదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేది.

ఒకరోజు పరాంకుశం గారు హరిత ద్వారం తనిఖీకి వచ్చారు. కన్నంలోంచి వంగి దూరి, దగ్గుతూ లేచి, ఫోనులో మ్యాపు చూసుకున్నారు.

"మాస్టారూ, ఈ పదిహేనో వార్డు ఇంత పచ్చగా ఎలా ఉందండీ? ఇక్కడ ఏమైనా మొక్కలు నాటారా?"

"లేదండి. ఇక్కడ యంత్రం లేదు. ఇచ్చినది పాడైతే బాగుచెయ్యడానికి పట్టుకెళ్లి ఇంకా తేలేదు. కొలవని చోట మ్యాపు పచ్చరంగే చూపిస్తుంది."

ఆయన సందులో నిలబడి ఒకసారి బడివైపు, ఒకసారి ఫోనువైపు చూశారు. ఆయన ముఖంలోకి నెమ్మదిగా వెలుగు వచ్చింది.

"అంటే," అన్నారు, "యంత్రం ఉన్నచోటనే కాలుష్యం ఉంటోందన్నమాట."

ఆయనకు ఆ మాట అందించినవాణ్ణి నేనే. ఆ బాధ్యత కూడా నాదేనని ఒప్పుకుంటున్నాను.

వారం తిరక్కుండా వార్డు యంత్రాలన్నీ వెనక్కి తీసుకున్నారు. వాటన్నిటినీ సమగ్ర పరిశీలన నిమిత్తం కమిషనర్ గారి బంగళా తోటలో, ఫౌంటెన్ చుట్టూ అమర్చారు. నగరం ఒక చివరినుంచి రెండో చివరిదాకా పచ్చబడింది. బారికేడ్లు ఎత్తేశారు, బడి గేటు తాళం తీశారు, హరిత ద్వారాన్ని ఇటుకలతో మూసేశారు. గాలి మెరుగుపడిన సందర్భంగా పిల్లలకు తలా ఒక బెలూన్ ఇచ్చి ఊదమన్నారు. దేవిక తన బెలూన్‌ను ఊదకుండా జేబులో పెట్టుకుంది.

ఆ సాయంత్రం నూకాలమ్మ దేవికను వీధి చివరి ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్లి, పది నిమిషాల్లో తిరిగి మా ఇంటికి వచ్చింది.

"పొగ మందు పట్టనన్నారు మాస్టారూ. ఆ మిషను ఎర్రవీధి వాళ్లకేనంట. మీది పచ్చవీధి, పచ్చవీధిలో ఆయాసం రాదు, ఇంకేదైనా జబ్బు చెప్పు రాస్తాం అన్నాడండీ ఆ బాబు. ఏం జబ్బు చెప్పమంటారు? మీరు చదువుకున్నోరు కదా, ఏదో ఒకటి మంచిది చెప్పండి."

ఆయాసం వచ్చినప్పుడు హైమవతి మందు పీల్చిన నెబ్యులైజర్ మిషను అలమరలో ఉంది. తీసి ఇచ్చాను. నూకాలమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

జులైలో అసలు కబురు వచ్చింది. దేశంలో గాలి బాగున్న నగరానికి బహుమతి ఇస్తారట. నిరుటి సంవత్సరం, జనవరి ఒకటి నుంచి డిసెంబరు ముప్ఫై ఒకటి దాకా, ఏ వార్డులోనూ ఒక్క రోజూ ఖాళీ లేకుండా కొలతలుండాలి. మాకు యంత్రాలు వచ్చింది ఈ ఏడు. ఇటువంటి చిన్న చిక్కులకు మా నగరం ఎన్నడూ ఆగలేదు. ప్రతి వార్డు టీచరూ తన వార్డు నిరుటి గాలిని పునర్నిర్మించి యాప్‌లో నింపాలని ఉత్తర్వు వచ్చింది. నలభైకి తక్కువైతే నమ్మరు, తొంభైకి ఎక్కువైతే బహుమతి రాదు, ఆ మధ్యలో వాస్తవాన్ని ప్రతిబింబించాలి అని కింద రాశారు.

స్టాఫ్ రూములో కూర్చుని నింపాం. పన్నెండో వార్డుకు మా లెక్కల టీచరు మొహం చూపిస్తే అంకెలు జిలానీ కొట్టిపెట్టాడు, నిరుటి క్రికెట్ స్కోర్లు చూసి. "మార్చి ఏడు, గాలి డెబ్బై మూడు, నాటౌట్" అని పైకి చదువుతుంటే అందరూ నవ్వారు. నేను నా తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర మార్కులు వేశాను. పిల్లలు తెలుగులో అంతంత మాత్రం కనుక గాలి చాలా బాగా వచ్చింది.

నేను వేశానని ఎందుకు చెబుతున్నానంటే, తరువాత కొందరు నన్ను నిజాయితీపరుడన్నారు. అది సరికాదు. మూడు వందల అరవై నాలుగు రోజులకు నేను అంకెలు వేశాను. నవంబరు పద్దెనిమిదికి యాభై ఒకటి. ఆ తరువాతి గడి దగ్గర చెయ్యి ఆగింది. ఆ గడి వదిలి ఇరవైకి వెళ్లి, డిసెంబరు చివరిదాకా పూర్తిచేశాను.

మర్నాటికి నగరమంతా నింపారు. పంపించు అన్న బొత్తాం మాత్రం వెలగలేదు. ఒక గడి ఖాళీగా ఉందని చూపిస్తోంది.

"ఒక్క అంకె మాస్టారూ" అంది రోజలిన్ మేడం. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ నా పక్కకు లాక్కుంది. "ఆ రోజు నేనూ ఆసుపత్రిలో ఉన్నాను కదా. నాకు తెలియదా? కానీ పైనుంచి గంటకోసారి ఫోను."

"తెలుసండి మేడం. మీకు ఇబ్బంది అవుతోంది."

"నా ఇబ్బంది కాదు. మీ సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది."

జిలానీ తన పద్ధతిలో ప్రయత్నించాడు. "మీరు అంకె వెయ్యొద్దు గురువుగారూ. ఊరికే మొహం చూపించండి, తెరుచుకుంటుంది. అంకె నేను కొడతా. పాపం నాది."

"మొహం నాదే కదా జిలానీ."

అతను టీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, తన క్లాసుకు వెళ్లాడు.

మూడోరోజు పరాంకుశం గారు వచ్చారు. నాలుగోరోజు నన్నే కమిషనర్ గారి సమావేశ మందిరానికి పిలిచారు. పొడుగాటి బల్లకు అవతల పదకొండుమంది అధికారులు, ఇవతల నేను. కిటికీలోంచి ఫౌంటెన్, దాని చుట్టూ యంత్రాలు కనబడుతున్నాయి. తోటమాలి వాటి మీద నీళ్లు చల్లుతున్నాడు.

కమిషనర్ గారు మర్యాదస్తులు. "కూర్చోండి దక్షిణామూర్తి గారూ. మీ కుటుంబంలో జరిగిన దానికి మా ప్రగాఢ సానుభూతి. అయితే ఆ రోజున కార్పొరేషన్ గాలికీ, దానికీ ముడిపెట్టడం సమంజసమంటారా?"

"నేను ముడిపెట్టలేదండి. ఖాళీగా వదిలాను."

"ఖాళీయే కదండీ ప్రమాదం" అన్నారు పరాంకుశం గారు. "సర్, పరిష్కారం ఉంది. ముందురోజు, తరువాతి రోజు కలిపి సగటు వేసుకోవచ్చు. శాస్త్రీయ పద్ధతి."

"ఆ రెండూ నేనే వేశానండి. ఒకటి బి. ప్రసాదుకు వచ్చిన మార్కులు. ఇంకొకటి కె. లలితకు" అన్నాను.

కమిషనర్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన గొంతులో నిజమైన కుతూహలం వినిపించింది. "అసలు ఆ రోజు గాలి ఎలా ఉందండీ?"

ఎనిమిది నెలల్లో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"చీర చెంగు మెట్లవైపు ఉందండి."

పరాంకుశం గారు చిన్న పుస్తకం తీశారు.

"మెట్లు అంటే, అది ఏ కొలమానమండీ?" అని అడిగారు.

నన్ను పంపేశారు. ఆ తరువాత జరిగింది తీర్మానం చదివి తెలుసుకున్నాను. ఖాళీ ఉన్న గడిని నింపడం సాధ్యం కానప్పుడు గడినే తొలగించడం పరిపాలనా సౌలభ్యమని పరాంకుశం గారు ప్రతిపాదించారు. వాయు వ్యవహారాలకు సంబంధించినంత వరకు నిరుటి సంవత్సరంలో నవంబరు పద్దెనిమిది తరువాత నవంబరు ఇరవై వచ్చినట్టుగా పరిగణించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. కంప్యూటర్ విభాగం వాళ్లు పని చక్కగా చేశారు. వాయు వ్యవహారాలకు వేరే క్యాలెండరు లేదు కనుక, నగరపాలక సంస్థ మొత్తం క్యాలెండరులోంచే తీసేశారు.

బొత్తాం వెలిగింది. అక్టోబరులో బహుమతి వచ్చింది. ఒక వెండి ఆకు. దాన్ని ఊరేగింపుగా తెచ్చారు. రైలు పట్టాల అవతల కార్యాలయం దాకా దారంతా టపాకాయలు కాల్చారు. నాకు ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి బహుమతికి సహకరించినందుకు ప్రశంసాపత్రం, ఇంకొకటి ఒక రోజు లోపించడానికి కారకుడినైనందుకు మెమో. రెండింటి మీదా ఒకే సంతకం.

ఆ వారమే వార్డు సచివాలయంలో రేషన్ కార్డు సవరణ చేయించుకోమన్నారు. హైమవతి పేరు తీయించాలి. కౌంటరులో అమ్మాయి ధ్రువపత్రం చూసి తేదీ కొట్టింది. మళ్లీ కొట్టింది.

"సార్, ఈ తేదీ తీసుకోవట్లేదండీ. చెల్లదు అంటోంది."

"ఆ రోజే తల్లీ."

"అర్థమైంది సార్. కానీ సిస్టంలో ఆ రోజు లేదు. వేరే తేదీ ఏదైనా చెబుతారా? పద్దెనిమిది పెట్టనా?"

వద్దన్నాను. ఆ అమ్మాయి తెరవైపు చూసి, చాలా మెల్లగా, "అయితే మేడం గారు ఇంకా ఉన్నట్టే చూపిస్తుందండీ" అంది. ఆ మాట అన్నందుకు తనే నొచ్చుకుని కాగితాలు సర్దసాగింది.

హైమవతి ఫోనుకు నేను ఛార్జింగ్ పెడుతూ ఉంటాను. దానికి కారణం చెప్పలేను. నవంబరు మొదట్లో ఒక ఉదయం ఏడింటికి అది మోగింది. నగరంలో సజీవంగా ఉన్న ప్రతి పౌరునికీ ప్రాణవాయు పటం పంపే సందేశం అది. "హైమవతి గారూ, శుభోదయం. మీ వీధి గాలి సంతృప్తికరంగా ఉంది. కిటికీలు తెరిచి గాఢంగా శ్వాస తీసుకోండి."

రెండుసార్లు చదివాను. ఎదురింట్లోంచి దేవిక దగ్గు వినబడుతోంది.

నేను పెట్టె తీసి నీలం చీర బయటికి తీశాను. బడి డాబా మీద ఒక పాత ఇనుపగొట్టం ఉంది. చీరను ఒక కొసన దానికి కట్టాను. చెంగు లేచి, చెత్తకొండకు వీపు తిప్పి, తరగతి గదుల మీదికి సాగింది.

కింద వీధిలో నూకాలమ్మ ఇడ్లీ గిన్నె దించి తలెత్తి చూసింది.

"మాస్టారూ! ఇయ్యాల మనకేనా?"

"మనకే నూకాలమ్మా."

ఆ రోజు దేవిక వెనకగదిలో, కిటికీలు మూసుకుని కూర్చుంది. హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అంది. రెండోరోజు మరో ఆరుగురు తల్లులు గేటు దగ్గర నిలబడి డాబావైపు చూశారు. వారానికి పదిహేనో వార్డు వాళ్లు కూడా పిట్టగోడలెక్కి చూడసాగారు. ఆరోగ్యకేంద్రం అబ్బాయి సైకిలాపి చూసి, ముక్కుకు రుమాలు కట్టుకుని వెళ్లడం నేనే చూశాను. రోజలిన్ మేడం వెనకగదిలో ఇంకో నాలుగు బెంచీలు వేయించింది. జిలానీ పూటపూటకూ చెంగు ఎటుందో బోర్డు మీద రాసి, గాలి దిశలన్న పాఠం నాలుగు రోజులు చెప్పాడు.

మూడో వారంలో మెమో వచ్చింది. పాఠశాల భవనంపై అనుమతి లేని జెండా ఎగురవేసినట్టు కార్యాలయం దృష్టికి వచ్చిందనీ, అది ఏ సంస్థకు, ఏ పార్టీకి చెందినదో, ఎవరి ఆదేశాలపై ఎగురవేశారో ఇరవై నాలుగు గంటల్లో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలనీ పరాంకుశం గారు రాశారు.

మొదటి పీరియడ్ ఖాళీగా ఉంది. డాబా మీదికి వెళ్లి చెంగు చూసి వచ్చి, స్టాఫ్ రూములో కూర్చుని జవాబు రాశాను.

"అయ్యా,

అది జెండా కాదు. నా భార్య చీర. ఎవరి ఆదేశమూ లేదు. ఈ ఉదయం చెంగు బడివైపు ఉంది. మధ్యాహ్నానికి గాలి తిరిగేలా కనబడుతోంది. తిరిగితే పొగ రైలు పట్టాలు దాటి తమ కార్యాలయం వైపు వస్తుంది. తమరు కిటికీలు మూయించుకోగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
కొమ్మూరి దక్షిణామూర్తి,
తెలుగు ఉపాధ్యాయుడు.

తేదీ: నవంబరు 19."